ఫ్రెండ్ ఫ్రీగా మార్కెటింగ్ చేసి పెడతానంటోంది. సరే అనాలా? అంటే ఎలా అనాలి?

సూదిదారం:

అందరికీ నమస్తే. నేను గుడ్డ సంచులు కుడతాను. లాప్‌టాప్ పట్టేవి, పుస్తకాలు పట్టేవి, లోపల లైనింగ్, జిప్పు, చిన్న అర అన్నీ ఉండేవి. సరదాగా మొదలెట్టింది కాస్తా ఇప్పుడు నాకు ఇదే పని అయిపోయింది. కుట్టడం వరకు ఎవరేమన్నా తడబడను గానీ అమ్మడం దగ్గరికొచ్చేసరికి నోరు పెగలదు. ఇప్పటిదాకా వచ్చిన ఆర్డర్లన్నీ ఒకరి భుజాన సంచి చూసి ఇంకొకరు అడిగి తెలుసుకుని వచ్చినవే.

నా ఫ్రెండ్ ఒకామె మార్కెటింగ్‌లో ఉద్యోగం చేసి ఈమధ్యే మానేసింది. "నీ ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్, గూగుల్ అన్నీ నేను చూసుకుంటా, వెబ్‌సైట్ కూడా పెట్టేద్దాం, నాకేం ఇవ్వక్కర్లేదు" అంటోంది. మంచి మనిషి, మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఒకటి అనే రకం కాదు. అయినా నాకు లోపల ఏదో బెరుగ్గా ఉంది. ఫ్రీగా చేయించుకుంటే రేపు నాకు నచ్చని పోస్ట్ పెట్టినా తీసెయ్యమని ఎలా అంటాను? పాస్‌వర్డులన్నీ ఇచ్చేయడమేనా? పోనీ డబ్బులిద్దామంటే బయట వాళ్లు అడిగేంత ఇచ్చుకోలేను, కొంచెం ఇస్తే బాగుంటుందో లేదో తెలీదు.

ఇంకో పక్క మా బావగారు. ఆయనది మరీ పెద్ద చెయ్యి. నన్ను అడక్కుండానే తను ఉన్న ప్రతి గ్రూపులో నా సంచుల ఫొటోలు పెట్టేస్తున్నారు, చుట్టాలందరి చేతా ఐదు చుక్కల రివ్యూలు రాయిస్తానంటున్నారు. వాళ్లలో సగం మంది నా సంచి ముట్టుకుని కూడా ఎరగరు. వద్దంటే నొచ్చుకుంటారేమో.

చివరిది. చేత్తో సబ్బులు తయారుచేసే ఒకామె నాకు పరిచయమైంది. "నువ్వు నా గురించి చెప్పు, నేను నీ గురించి చెప్తా" అంటోంది. ఆవిడ సబ్బు నేనింకా వాడలేదు. ఏం చెప్పాలి?

ఎవరినైనా "కాస్త షేర్ చేయవా" అని అడగాలంటేనే నాకు చచ్చేంత మొహమాటం, అది కూడా కలిపి చదువుకోండి.

పాతకాపు:

ఈ పనిలో చాలాకాలంగా ఉన్నవాణ్ణి, పాస్‌వర్డుల సంగతి ముందు చెప్తా, ఎందుకంటే మిగతావన్నీ తర్వాతైనా సర్దుకోవచ్చు, ఇది తేడా వస్తే సర్దుకోవడం కష్టం.

పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి. ఫ్రెండ్ మీద అనుమానంతో కాదు, ఇవ్వాల్సిన అవసరమే లేదు కాబట్టి. ఇంటి తాళం ఇస్తాం గానీ ఇంటి పట్టా ఇవ్వం కదా. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (ఇదివరకు గూగుల్ మై బిజినెస్ అనేవాళ్లు, 2021లో పేరు మార్చారు) మీ జీమెయిల్‌తో మీరే తెరవండి. అప్పుడు మీరు ప్రైమరీ ఓనర్ అవుతారు. ఆమెను మేనేజర్‌గా చేర్చండి. మేనేజర్ ఫొటోలు పెట్టగలరు, వేళలు మార్చగలరు, రివ్యూలకి జవాబు ఇవ్వగలరు. ప్రొఫైల్‌ని తీసేయడం, కొత్తవాళ్లని చేర్చడం మాత్రం వాళ్ల వల్ల కాదు. ఆమే తెరిచి "తర్వాత నీకిస్తాలే" అనడం కాదు, మీరు తెరిచి ఆమెను పిలవడం.

ఫేస్‌బుక్ పేజీ కూడా అంతే, మీ పేరు మీద ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్‌ని బిజినెస్ అకౌంట్‌గా మార్చి ఆ పేజీకి కలిపితే మెటా బిజినెస్ సూట్ (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ రెండూ ఒకేచోట చూసుకునే మెటా వాళ్ల టూల్) ద్వారా ఆమెకి పని వరకే యాక్సెస్ ఇవ్వచ్చు. పోస్టులు పెట్టడం, మెసేజ్‌లకి జవాబివ్వడం అంతా తన లాగిన్‌తోనే చేసుకుంటుంది. రేపు మానేస్తే తన పేరు ఒక్కటి తీసేస్తే చాలు, ఏ పాస్‌వర్డూ మార్చనక్కర్లేదు. యాడ్స్ దాకా వెళ్తే కార్డు మీదే పెట్టండి, అకౌంట్ స్పెండింగ్ లిమిట్ అని ఒకటుంటుంది, అది పెట్టకుండా ఒక్క యాడ్ కూడా వదలొద్దు. ఆ లిమిట్ దాటగానే యాడ్స్ వాటంతటవే ఆగిపోతాయి.

వాట్సాప్ బిజినెస్ నంబరు మీ సిమ్మే అవ్వాలి. మెయిన్ ఫోన్ మీ దగ్గర ఉంటే దానికి ఇంకో 4 పరికరాలు లింక్ చేయొచ్చు. ఆమె లాప్‌టాప్‌ని ఒకదానిగా కలపండి, వద్దనుకున్న రోజు మీ ఫోన్‌లోంచే తీసేయొచ్చు.

వెబ్‌సైట్ పేరు, అంటే డొమైన్, దీని దగ్గరే ఎక్కువమంది ఇరుక్కునేది. చేసిపెట్టేవాళ్లు తమ అకౌంట్‌లో, తమ ఈమెయిల్‌తో కొనేస్తారు, ఏ దురుద్దేశమూ ఉండదు, ఆ క్షణానికి అదే సులువు. తర్వాత వాళ్లు ఇంకో పనిలో పడతారు, రెన్యువల్ మెయిల్ వాళ్ల ఇన్‌బాక్స్‌లో మూలుగుతూ ఉంటుంది, గడువు దాటిపోతుంది. రిజిస్ట్రార్ (అంటే డొమైన్ అమ్మే కంపెనీ) దగ్గర అకౌంట్ మీదై ఉండాలి, ఈమెయిల్ మీదై ఉండాలి, ఆటో రెన్యువల్ ఆన్‌లో ఉండాలి. లోగో చేయిస్తే జేపీజీ ఒక్కటి తీసుకుని ఊరుకోకండి, ఎస్‌వీజీ కూడా అడగండి, అది ఎంత పెద్దగా ప్రింట్ చేసినా పగలదు. ఇంకోటి, చాలా దేశాల్లో బయటివాళ్లు గీసిచ్చిన బొమ్మ మీద హక్కు, రాసి ఇస్తే తప్ప, గీసినవాళ్లదే. ఒక లైను మెయిల్‌లోనైనా "ఇది నీదే, ఎక్కడైనా ఎలాగైనా వాడుకో" అని రాయించుకోండి.

ఊరికే_చదువరి:

ఫ్రెండ్ దగ్గర ఇంత కాగితాలూ కండిషన్లూ అవసరమా అన్నా? సాయం చేస్తానంటే థాంక్స్ చెప్పి చేయించుకోవాలి గానీ.

పాతకాపు:

కాగితం అననే లేదు తమ్ముడూ, అకౌంట్లు ఎవరి పేరు మీద తెరవాలో చెప్పానంతే. ఫ్రెండ్ కాబట్టే ఇదంతా. బయటివాళ్లతో తేడా వస్తే గట్టిగా అడిగి తెచ్చుకుంటాం, ఫ్రెండ్‌తో అయితే మొహమాటానికి అడగనూ లేం, మర్చిపోనూ లేం.

నీలిసిరా:

సూదిదారం గారూ, నేను అటువైపు మనిషిని, అంటే సాయం చేసిన వైపు. ఒక స్నేహితుడి చిన్న వ్యాపారానికి నేనే మొత్తం సోషల్ మీడియా చూశాను, ఫ్రీగానే, నేనే ముందుపడి. కాబట్టి మీ ఫ్రెండ్ పైకి చెప్పనివి కొన్ని నేను చెప్తాను.

మొదటిది, "అన్నీ నేను చూసుకుంటా" అన్న మాటని అలాగే ఒప్పుకోవద్దు. అన్నప్పుడు నిజంగానే అంటాం. కానీ అన్నీ అంటే ఎంతో అప్పుడు మనకీ తెలీదు. ఫొటోలు తీయాలి, క్యాప్షన్ రాయాలి, "ఇది ఏ రంగుల్లో ఉంది" అని రాత్రి పూట వచ్చే మెసేజ్‌లకి జవాబివ్వాలి, రంగు నాకేం తెలుసు, మళ్లీ అతన్ని అడగాలి, అతను పనిలో ఉండి ఫోన్ చూసుకోడు, కస్టమర్ వెళ్లిపోతాడు. నేను నొచ్చుకున్నది డబ్బు గురించి కాదు. ఫొటోలు పంపమని అడిగితే "చూస్తాలే" అని వదిలేయడం, పంపినా చీకట్లో తీసి పంపడం, నేను కూర్చుని చేసిన పోస్టుని అతను ఓపెన్ చేసి కూడా చూడకపోవడం, అవీ. చివరికి ఫోన్ వస్తే ఎత్తడానికి విసుగొచ్చేది. స్నేహం పోలేదు, పని మాత్రం ఆగిపోయింది, దాని మాట ఇద్దరం ఎత్తం.

అందుకే మీరు ఆమెకి ఒక ముక్క ఇవ్వండి, మొత్తం ఇవ్వొద్దు. ఉదాహరణకి, "నెల రోజుల పాటు ఇన్‌స్టాగ్రామ్ ఒక్కటి చూడు, వారానికి రెండు పోస్టులు, కస్టమర్ మెసేజ్‌లకి జవాబు నేనే ఇస్తా, ఫొటోలు ఆదివారం రాత్రికల్లా నీకు పంపేస్తా, నెలాఖరున కూర్చుని చూద్దాం, నీకు కుదరకపోతే అక్కడితో ఆపేద్దాం, ఏమీ అనుకోను" అని చెప్పండి. ఆ చివరి మాట చాలా ముఖ్యం. ఆపేయడానికి ముందే తేదీ ఉంటే ఆపినవాళ్లు చెడ్డవాళ్లవరు.

నచ్చని పోస్ట్ సంగతి. దీనికి మొదటి రోజే ఒక పద్ధతి పెట్టేయండి, పోస్ట్ వెళ్లేముందు మీకు చూపించాలి, మీరు ఆ రోజే జవాబివ్వాలి. మీరు ఆలస్యం చేసి ఆవిడని ఆపేస్తే తప్పు మీదవుతుంది. నచ్చకపోతే "బాలేదు" అనకండి, "ఈ ఫొటోలో జిప్పు పక్క కుట్టు వంకరగా కనిపిస్తోంది, వేరేది పంపిస్తా" అనండి. ఎక్కడ ఏం మార్చాలో చెప్తే ఎవరూ నొచ్చుకోరు, అందులోనూ ఉద్యోగంలో క్లయింట్ల చేత అంతకన్నా ఎక్కువే పడి వచ్చిన మనిషి.

డబ్బు గురించి నా మాట సూటిగా. ఇస్తే సరిగ్గా ఇవ్వండి, లేకపోతే అసలివ్వకండి. మధ్యలో ఏదో చేతిలో పెట్టడం అన్నిటికన్నా నష్టం. 2004లో జేమ్స్ హేమన్, డాన్ ఏరియలీ అని ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం ఒకటుంది, కంప్యూటర్ తెర మీద ఒక బొమ్మని మౌస్‌తో లాగి ఇంకో చోట పడేయడం, అదే పని మళ్లీ మళ్లీ. ఊరికే సాయంగా చేసినవాళ్ల కన్నా నామమాత్రంగా డబ్బు తీసుకుని చేసినవాళ్లు తక్కువ చేశారు. డబ్బు మాట రాగానే మనసు లెక్క కట్టడం మొదలెడుతుంది, ఇంతకి ఇంతే అని. నాకైతే అది చదివినప్పుడు కొత్తగా ఏమీ అనిపించలేదు, అలాంటి కవరు ఒకటి నేనూ అందుకున్నాను లెండి. బదులుగా ఏం ఇవ్వచ్చంటే మీ చేతి పనే. ఆమెకి కావాల్సిన కొలతలతో, ఆమె అడిగిన రంగులో ఒక సంచి కుట్టివ్వండి, షాపులో దొరకనిది. ఇంకోటి, ఆమె ఉద్యోగం మానేసిందన్నారు. తను సొంతంగా పని వెతుక్కుంటుంటే మీ పేజీ ఆమెకి చూపించుకోవడానికి పనికొస్తుంది. "నీ పోర్ట్‌ఫోలియోలో పెట్టుకో, ఎవరైనా అడిగితే నేను మాట్లాడతా" అనండి. అదే ఆమెకి అసలు కావాల్సిందేమో కూడా, అడిగి చూడండి.

సూదిదారం:

నీలిసిరా గారూ, "చూస్తాలే" అని వదిలేసే మనిషిని నేనే, చదువుతుంటే నా గురించే రాసినట్టుంది. ఆదివారం రాత్రికల్లా ఫొటోలు పంపడం నాకు నిజంగా కుదురుతుందా అని ఆలోచిస్తున్నా. ఆర్డర్లు ఎక్కువుంటే ఆదివారమే కుట్టేది. బుధవారం అంటా.

బావగారి సంగతి ఎవరూ చెప్పలేదు.

కొలతబద్ద:

నేను చెప్తాను, కొంచెం కటువుగా ఉంటుంది. చుట్టాల రివ్యూలు వద్దే వద్దు.

గూగుల్ పాలసీలో స్పష్టంగా ఉంది, నిజంగా వాడి చూసిన అనుభవం కానిది రాయకూడదు, డబ్బో డిస్కౌంటో వస్తువో ఆశ చూపి రాయించకూడదు. చాలామందికి తెలియని ముక్క ఇంకోటి, బాగుందన్నవాళ్లని మాత్రమే ఏరి వాళ్లనే రివ్యూ అడగడం కూడా కుదరదు, అడిగితే అందర్నీ అడగాలి. దొంగ రివ్యూలని పసిగడితే తీసేస్తారు, ఒక్కోసారి ఆ ప్రొఫైల్‌కి కొంతకాలం కొత్త రివ్యూలు రాకుండా ఆపేసి, చూసేవాళ్లకి తెలిసేలా హెచ్చరిక కూడా పెడతారు. అమెరికాలో అయితే దీని మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రత్యేకంగా రూలే తెచ్చింది, 2024 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. అందులో దొంగ రివ్యూలతో పాటు, ఆ వ్యాపారంతో సంబంధం ఉన్నవాళ్లు ఆ సంగతి దాచి రాసే రివ్యూల ప్రస్తావన కూడా ఉంది.

రూలు పక్కన పెట్టండి. ఒకే రెండు రోజుల్లో, ఒకే ఇంటిపేరు ఉన్న పదిమంది "సూపర్", "వెరీ నైస్", "బెస్ట్ క్వాలిటీ" అని రాస్తే చదివేవాడికి అర్థం కాదా? వాటికన్నా "పట్టీ కాస్త పొడుగ్గా ఉంది, చెప్తే తగ్గించి ఇచ్చారు" అని ఒక్క నిజమైన కస్టమర్ రాస్తే చాలు. ఆ ఒక్క లైన్‌లో మీరు మాట వింటారని, సరిచేసి ఇస్తారని తెలుస్తోంది, అది మీరు డబ్బా కొట్టుకుని చెప్పినా ఎవరూ నమ్మరు.

సంచి చేరిన రోజే రివ్యూ అడక్కండి, వాడనివ్వండి. కొన్నాళ్లాగి "జిప్పు, పట్టీ ఎలా ఉన్నాయి, ఏమైనా ఇబ్బంది ఉంటే చెప్పండి, సరిచేస్తాను" అని ముందు అడగండి. జవాబు వచ్చాక, మంచిదైనా చెడ్డదైనా, "ఇదే మాట ఇక్కడ రాస్తే కొత్తవాళ్లకి ఉపయోగం" అని లింక్ ఇవ్వండి. గూగుల్ ప్రొఫైల్‌లోనే రివ్యూ లింక్ తయారుగా ఉంటుంది, క్యూఆర్ కోడ్ కూడా వస్తుంది, చిన్న కాగితం మీద ప్రింట్ చేసి సంచి లోపలి అరలో పెట్టేయొచ్చు.

మొహమాటరాణి:

కొలతబద్ద గారు చెప్పింది నిజమే గానీ బావగారికి ఈ లెక్చర్ ఇస్తే ఆయన ఇంకెప్పుడూ మాట్లాడరు 😄

ఆయన్ని ఆపొద్దు, దారి మళ్లించండి. ఆయన దగ్గర ఉన్న ఆస్తి ఏంటి? చాలామంది తెలుసు, మాట్లాడటానికి సిగ్గు లేదు (మంచి అర్థంలోనే అంటున్నా). అది మీకు లేనిది. గ్రూపుల్లో ఫొటోలు చల్లేస్తే ఎవరూ చూడరు, పైగా పండగ శుభాకాంక్షల మధ్యలో మీ సంచి కొట్టుకుపోతుంది. బదులుగా, "బావగారూ, గ్రూపుల్లో పెడితే నాకు ఎవరి నుంచి వచ్చిందో తెలియట్లేదు. మీకు తెలిసినవాళ్లలో ఆఫీసుకి లాప్‌టాప్ మోసుకెళ్లేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటే వాళ్లకి మాత్రం విడిగా పంపండి, ఏం రాయాలో నేను రాసిస్తా" అనండి. పెద్దమనిషికి పని చెప్పినట్టుంటుంది, గౌరవంగా ఉంటుంది, మీ సమస్యా తీరుతుంది. రివ్యూల గురించి అయితే నెపం గూగుల్ మీద నెట్టేయండి, "చుట్టాలు రాస్తే ప్రొఫైల్‌కే దెబ్బట బావగారూ" అంటే చాలు. అబద్ధం కూడా కాదు.

ఇక అడగడానికి మొహమాటం. నా యూజర్‌నేమ్ చూశారుగా, మీ బాధ నాకు తెలుసు. నాకు పనికొచ్చింది రెండు. ఒకటి, మనం అనుకునే కన్నా జనం ఎక్కువగానే సరే అంటారు. ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెస్సా లేక్ అని పరిశోధకులు 2008లో దీని మీద రాశారు. ముక్కూమొహం తెలియని వాళ్లని ఫారం నింపమనో, ఫోన్ ఇవ్వమనో అడగమంటే, ఎంతమందిని అడగాల్సి వస్తుందని ముందు అనుకున్నారో నిజంగా అందులో దాదాపు సగం మందినే అడగాల్సి వచ్చింది. కారణం సులువే, మనం అడిగేటప్పుడు అవతలివాళ్లకి అదెంత శ్రమో లెక్కేసుకుంటాం గానీ మొహం మీద కాదనడం వాళ్లకెంత కష్టమో లెక్కేసుకోం. (అందుకే కాదనడానికి దారి కూడా మనమే ఇవ్వాలి, లేకపోతే అది సాయం అడగడం కాదు, ఇరకాటంలో పెట్టడం.)

రెండు, దగ్గరివాళ్లనే పదేపదే అడగొద్దు. మీ దగ్గరివాళ్లకి తెలిసినవాళ్లు మీకూ తెలిసినవాళ్లే. మార్క్ గ్రానోవెటర్ అనే సోషియాలజిస్ట్ 1973లో అచ్చయిన వ్యాసంలో చెప్పిందిది, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని, ఆ చెప్పినవాళ్లని ఎంత తరచుగా కలిసేవారని అడిగితే, తరచుగా కలిసేవాళ్లం అన్నది 16.7 శాతమే. మిగతావాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు కలిసేవాళ్లే చెప్పారు. అది ఉద్యోగాల సంగతి, సంచులది కాదు, కానీ కబురు నడిచే దారి అదే కదా. పాత ఆఫీసులో పక్క సీటు ఆవిడ, పాప స్కూల్లో పరిచయమైన తల్లి, ఇలాంటివాళ్లకి ఒక మెసేజ్ పెట్టి చూడండి.

మెసేజ్ ఎలా ఉండాలంటే, నేనైతే ఇలా రాస్తా:

"బాగున్నారా? నేను ఇప్పుడు గుడ్డతో లాప్‌టాప్ సంచులు కుడుతున్నాను, ఫొటో పంపిస్తున్నా. మీ ఆఫీసులో ఇలాంటివి వాడేవాళ్లు ఎవరైనా గుర్తొస్తే వాళ్లకి ఈ ఫొటో పంపగలరా? మీకు కుదరకపోయినా పర్లేదు, ఊరికే పలకరించినట్టుంటుందని కూడా పెట్టాను."

ఒక్క పని, ఒక్క మనిషి, ఒక్క ఫొటో. "షేర్ చేసి సపోర్ట్ చేయండి ప్లీజ్" అని వందమందికి పంపిన మెసేజ్‌ని నేనైనా చూసి వదిలేస్తాను, అది నా కోసం రాసింది కాదని మొదటి ముక్కలోనే తెలిసిపోతుంది.

పాతకాపు:

దీనికి ఒక టెక్నికల్ ముక్క కలుపుతా. ఇవన్నీ బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ పెట్టి పంపేద్దాం అనుకోవద్దు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ ఒక లిస్ట్‌కి 256 మంది వరకే, అదీ మీ నంబర్ తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. సేవ్ చేసుకోనివాళ్లకి వెళ్లదు, వెళ్లలేదని మీకు చెప్పదు కూడా. పాత కస్టమర్లకి కొత్త డిజైన్లు చూపించడానికి బాగుంటుంది, కొత్తవాళ్ల కోసం కాదు.

ఎవరి సాయం పనికొస్తోందో తెలియాలంటే ఆర్డర్లు రాసుకునే పుస్తకంలో "ఎలా తెలిసింది" అని ఒక గడి గీయండి చాలు. ఆర్డర్ ఇచ్చే ప్రతివాళ్లనీ అడిగి రాసుకోండి. లింక్ వెనక ట్యాగులు తగిలించి ఎవరు ఎక్కణ్ణుంచి వచ్చారో అనలిటిక్స్‌లో చూడటం మీ ఫ్రెండ్‌కి వచ్చే ఉంటుంది, వెబ్‌సైట్ పెట్టాక చేయనివ్వండి, ఇప్పుడు ఈ గడి సరిపోతుంది.

నీలిసిరా:

ఆ గడిలో పేరు రాసుకున్నాక ఆ పేరున్న మనిషికి చెప్పండి కూడా. "మీరు పంపిన ఫొటో చూసి మీ ఫ్రెండ్ సంచి తీసుకున్నారు" అని ఒక్క మెసేజ్. నేను అంత పని చేసి ఒక్క ఆర్డర్ అయినా నా వల్ల వచ్చిందో లేదో ఇవాళ్టికీ నాకు తెలీదు. అది తెలిసుంటే ఇంకొన్నాళ్లు చేసేదాన్నేమో.

ఊరికే_చదువరి:

మనిషిని పంపినవాళ్లకి గిఫ్ట్ ఇవ్వచ్చా మరి? రివ్యూకి ఇవ్వకూడదన్నారు కదా.

కొలతబద్ద:

రెండూ వేరు. రివ్యూ అంటే చదివేవాడు అది తటస్థంగా రాసిందని నమ్ముతాడు, దాని వెనక గిఫ్ట్ ఉంటే వాణ్ణి మోసం చేసినట్టే. ఒకరిని పంపినందుకు ఇచ్చేది అలా కాదు, అందరికీ తెలిసేలా ఇస్తే తప్పులేదు. పంపినవాళ్లకే కాకుండా వచ్చినవాళ్లకి కూడా ఏదైనా ఇవ్వండి, డ్రాప్‌బాక్స్ మొదట్లో అలాగే చేసింది, పిలిచినవాళ్లకీ వచ్చినవాళ్లకీ ఇద్దరికీ అదనపు స్టోరేజ్. అప్పుడు పంపేవాడికి "నా లాభం కోసం నిన్ను పంపుతున్నా" అన్న ఇబ్బంది ఉండదు. కాకపోతే బావగారికీ దగ్గరి ఫ్రెండ్స్‌కీ ఈ స్కీము చెప్పకండి. వాళ్లు ఇష్టంతో చేస్తున్నదానికి రేటు కట్టినట్టవుతుంది, నీలిసిరా గారు పైన చెప్పిన గొడవే మళ్లీ.

మొహమాటరాణి:

సబ్బుల ఆవిడ మిగిలిపోయారు. ముందు ఒక సబ్బు కొనండి. ఫ్రీగా ఇస్తానన్నా కొనండి, అప్పుడే నచ్చకపోతే నోరు మూసుకునే స్వేచ్ఛ ఉంటుంది. ఆవిడ చేత కూడా మీ సంచి ఒకటి వాడించండి, వీలైతే కొనిపించండి. నచ్చితే ఎందుకు నచ్చిందో ఒక్క మాట నిజంగా చెప్పండి. నచ్చకపోతే "మన ఇద్దరి కస్టమర్లూ కలవట్లేదేమో" అని మర్యాదగా తప్పుకోండి. ఇద్దరూ ఒకరి గురించి ఒకరు చెప్పుకుంటున్నారని కస్టమర్లకి తెలియనివ్వండి, "మేం ఒకరికొకరం సాయం చేసుకుంటున్నాం" అని రాసినా అందంగానే ఉంటుంది, దాచితే మాత్రం బయటపడ్డ రోజు ఇద్దరి మాటా పోతుంది.

కొలతబద్ద:

సబ్బు గురించి చెప్పేటప్పుడు చర్మానికి మంచిదని, ఫలానా మచ్చ తగ్గుతుందని మీ నోటితో అనకండి. వాసన బాగుంది, నాకు నచ్చింది, అంతవరకే. ఒకరికి దద్దుర్లు వస్తే వాళ్లు మొదట ఫోన్ చేసేది చెప్పినవాళ్లకే.

సూదిదారం:

అందరికీ చాలా థాంక్స్. ఇవాళ సాయంత్రం ఫ్రెండ్‌తో మాట్లాడా. ఇన్‌స్టాగ్రామ్ ఒక్కటి, నెల రోజులు, ఫొటోలు బుధవారం అని చెప్తే నేననుకున్నట్టు నొచ్చుకోలేదు సరికదా, "అమ్మయ్య, నాకూ మొత్తం చూడాలంటే కొంచెం టెన్షన్‌గానే ఉంది" అంది. పోర్ట్‌ఫోలియో మాట ఎత్తేసరికి అదే అడుగుదామనుకుంటున్నానంది. బావగారికి ఇంకా చెప్పలేదు, ఆయన ఊరెళ్లారు, రాగానే లాప్‌టాప్ మోసుకెళ్లేవాళ్ల లిస్ట్ అడుగుతా.

ఒక చిక్కు. వెబ్‌సైట్ పేరు ఎవరో తీసేసుకుంటారేమోనని ఆమె పోయిన వారమే తన అకౌంట్‌లో కొనేసిందట, ఇవాళ మాటల్లో బయటపడింది. నాకు ఇచ్చేస్తానంది. అది మార్చుకోవడం కష్టమా?

పాతకాపు:

కష్టమేం లేదు. కొత్తగా రిజిస్టర్ చేసిన డాట్ కామ్ లాంటి పేరుని సాధారణంగా మొదటి 60 రోజులు ఇంకో రిజిస్ట్రార్‌కి మార్చనివ్వరు, కాబట్టి ఇప్పుడే వేరే కంపెనీకి తీసుకెళ్లాలని చూడొద్దు. ఆమె కొన్న రిజిస్ట్రార్ దగ్గరే మీరూ ఒక అకౌంట్ తెరవండి, మీ ఈమెయిల్‌తో. చాలా రిజిస్ట్రార్ల దగ్గర ఒక అకౌంట్ నుంచి ఇంకో అకౌంట్‌కి లోపలే మార్చే వీలుంటుంది, ఆమె తన వైపు నుంచి పంపితే మీరు ఒప్పుకోవడమే. తర్వాత ఓనర్ వివరాల్లో పేరు, ఈమెయిల్ మీవిగా మారాయో లేదో చూసుకోండి, కన్ఫర్మ్ చేయమని మెయిల్ వస్తే వెంటనే నొక్కండి, వదిలేస్తే సైట్ ఆపేస్తారు. ఆటో రెన్యువల్‌కి మీ కార్డు పెట్టండి. ఆమె కట్టిన డబ్బు మాత్రం ఇవాళే ఇచ్చేయండి.

సూదిదారం:

ఇచ్చేశా. తీసుకోనంది, బలవంతంగా పంపించా. అకౌంట్ రేపు పొద్దున్నే ఇద్దరం కూర్చుని మారుస్తాం.